గట్టు మీద తోక ఆడించే పిట్ట: గోదావరి డెల్టా కాటుకపిట్టల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా దాటితే నాకు ఒకే రకం ఫోటోలు రావడం మొదలవుతుంది. పంటకాలువ గట్టు, దాని మీద సన్నటి పిట్ట, ఊగుతూ ఉండటం వల్ల మసకబారిన తోక. "ఇది ఏ పిట్టండీ?" అన్న ప్రశ్నకు ఏటా జవాబు రాస్తూనే ఉన్నాను. అడిగేవాళ్లలో రైతులున్నారు, బడి పిల్లలున్నారు, చేపల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లున్నారు. వాళ్లందరి సందేహాలనూ ఇక్కడ ఒకచోట చేర్చాను. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## పిట్టను చూడకముందు

కాటుకపిట్ట అంటే ఏ పిట్ట? మా ఊళ్లో ఆ పేరు ఎవరూ అనరు.

ఇంగ్లీషులో వాగ్‌టెయిల్ అనే పిట్టకు మన నిఘంటువులు ఇచ్చే తెలుగు పేరు కాటుకపిట్ట. సంస్కృతంలో ఖంజనం, ఖంజరీటం. పాత కావ్యాల్లో అందమైన కళ్లను ఖంజనాలతో పోల్చేవారు. ఆ పోలికలోని పిట్ట ఇదే. వరాహమిహిరుడి బృహత్సంహితలో దీని శకునాలకు ఒక అధ్యాయమే ఉంది. ఇంత పేరున్న పిట్టను పొలాల్లో ఇప్పుడు చాలామంది "అదే, తోక ఆడించే పిట్ట" అనడమే విన్నాను. ఆ మాట కూడా నాకు ఇష్టమే, ఎందుకంటే అందులో అసలు గుర్తు ఉంది.

పిచ్చుకకూ దీనికీ దూరం నుంచే తేడా ఎలా తెలుస్తుంది?

నడక చూడండి. పిచ్చుక నేల మీద రెండు కాళ్లతో గెంతుతుంది. కాటుకపిట్ట ఒక అడుగు తర్వాత ఒక అడుగు వేస్తూ నడుస్తుంది, పురుగు కనబడితే పరుగెడుతుంది, ఆగగానే తోకను పైకీ కిందికీ ఊపుతుంది. ఒళ్లు సన్నం, తోక పొడవు. ఎగిరేటప్పుడు తిన్నగా పోదు, అల మీద పడవలా లేస్తూ దిగుతూ పోతుంది, పోతూ పోతూ అరుస్తుంది.

డెల్టాలో ఎన్ని రకాలు చూడవచ్చు?

ఐదు రకాలు గుర్తుంచుకుంటే చాలు. ఏడాది పొడవునా ఇక్కడే ఉండేది ఒక్కటే, తెల్లబొమ కాటుకపిట్ట. మిగిలిన నాలుగూ చలికాలపు అతిథులు: పసుపు, తెల్ల, నిమ్మపసుపు, బూడిద కాటుకపిట్టలు. పాఠకులకు తేలికగా ఉంటుందని ఈ పేర్లను రంగును బట్టి నేనే పెట్టుకున్నాను. ఇంగ్లీషు పక్షుల పుస్తకాల్లో వీటిని వరుసగా వైట్‌బ్రౌడ్, వెస్టర్న్ ఎల్లో, వైట్, సిట్రిన్, గ్రే వాగ్‌టెయిల్ అనే పేర్లతో వెతకండి.

వీటిని చూడటానికి కోరింగకో కొల్లేరుకో వెళ్లాలా?

అక్కర్లేదు. ఇది నేను ప్రతి ఏడూ నొక్కి చెప్పే మాట. కోరింగ మడ అడవులు, కొల్లేరు, రెండూ చూడవలసిన చోట్లే. కానీ కాటుకపిట్ట పొలం పిట్ట. రాజోలు దగ్గర వరి గట్టు, ఆలమూరు దగ్గర లంక మేత భూమి, భీమవరం దగ్గర చెరువు గట్టు, ఇవే దాని చలికాలపు ఇళ్లు. మీ ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో కాస్త తడి నేల, పొట్టి గడ్డి ఉంటే అక్కడే మొదలుపెట్టండి.

## వచ్చే రోజులు

ఏ నెలలో వస్తాయి?

బూడిద కాటుకపిట్ట అన్నిటికంటే ముందు బయలుదేరుతుంది. హిమాలయాల్లో గూళ్లు పెట్టేది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు నుంచే దక్షిణాదికి దిగడం మొదలవుతుంది. పసుపువి సెప్టెంబరు చివర, అక్టోబరులో వస్తాయి. తెల్లవి దాదాపు అదే సమయంలో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా.

అయితే వచ్చినవి వెంటనే కంటబడవు. అక్టోబరులో సార్వా వరి, అంటే వానాకాలపు పంట, నిలువెత్తున ఉంటుంది. పొట్టి కాళ్ల పిట్టకు అందులో నడిచే చోటే ఉండదు. ఆ రోజుల్లో అవి గట్ల మీద, లంకల్లో పశువులు మేసే చోట, గోదావరి ఇసుక మేటల మీద, చేపల చెరువుల చుట్టూ ఉంటాయి. కోతలు అయి, దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు పెట్టి దమ్ము మొదలయ్యేసరికి మడులన్నీ ఒక్కసారిగా వాటికి తెరుచుకుంటాయి. చాలామంది "డిసెంబరులో వచ్చాయి" అనుకోవడానికి కారణం ఇదే. అవి అంతకు రెండు నెలల ముందే వచ్చి ఉంటాయి.

ఇంత చిన్న పిట్ట నిజంగా అంత దూరం నుంచి వస్తుందా?

వస్తుంది. పసుపు కాటుకపిట్ట సుమారు 17 సెంటీమీటర్ల పొడవు, 15 నుంచి 20 గ్రాముల బరువు ఉంటుంది. రెండు పది రూపాయల నాణేలు అరచేతిలో పెట్టుకుంటే ఆ బరువు తెలుస్తుంది. ఇది గూడు పెట్టే పచ్చిక నేలలు మధ్య ఆసియాలో, సైబీరియాలో, యూరప్ పొడవునా ఉన్నాయి. యూరప్‌లో పుట్టినవి ఎక్కువగా ఆఫ్రికాకు పోతాయి. మన వైపు వచ్చేవి ఆసియావి. బయలుదేరే ముందు విపరీతంగా తిని చర్మం కింద కొవ్వు పోగు చేసుకుంటాయి. దారి పొడవునా అదే ఇంధనం. సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం, ఇవి వలస పక్షులకు దిక్కు చూపే గుర్తులు. ఆ వేసవిలో పుట్టిన పిల్ల కూడా ఈ దారి పడుతుంది. ఈ సంగతి తెలిసి ఎన్నేళ్లయినా, అక్టోబరులో మొదటి పిట్టను చూసినప్పుడు నేను కాసేపు కదలలేను.

తుపాను మర్నాడు పెరట్లో కదలలేక కూర్చున్న పిట్ట దొరికింది. ఏమి చేయాలి?

అది అలసిపోయి ఉంటుంది. గాలి ఆడేలా చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, పిట్టను అందులో పెట్టి, మూత వేసి చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచండి. నోరు తెరిచి నీళ్లు పోయకండి. నీరు ఊపిరి గొట్టంలోకి పోయి చచ్చిపోతుంది. అన్నం మెతుకులు పెట్టకండి. పదే పదే మూత తీసి చూడకండి. వాన తగ్గాక పగటి వెలుగులో, పిల్లులు లేని చోట మూత తీస్తే చాలావరకు అదే ఎగిరిపోతుంది. రెక్క వేలాడుతున్నా, రక్తం కనబడుతున్నా అటవీ శాఖ వారికి గానీ పశువైద్యుడికి గానీ చూపించండి.

## గుర్తుపట్టడం

పొట్ట పసుపుగా ఉంది. మూడు రకాలకూ పసుపు ఉంటుందంటున్నారు. ఏది ఏదో ఎలా చెప్పాలి?

పసుపును కాసేపు మరచిపోయి వీపు చూడండి. నేను రెండు చలికాలాల పాటు పొట్ట రంగే చూస్తూ నిమ్మపసుపు పిట్టను పసుపు పిట్టగా రాసుకున్నాను. వీపు చూడటం అలవాటయ్యాక తప్పులు తగ్గాయి.

వీపు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉంటే పసుపు కాటుకపిట్ట. రెక్క మీద గీతలు సన్నగా, మసకగా ఉంటాయి. కాళ్లు నల్లన. మూడింటిలో తోక దీనికే పొట్టి.

వీపు బూడిద రంగులో ఉండి, రెక్క మీద రెండు వెడల్పాటి తెల్లని పట్టీలు కొట్టొచ్చినట్టు కనబడితే నిమ్మపసుపు కాటుకపిట్ట. కంటి పైనుంచి వచ్చిన లేత గీత చెంప వెనక నుంచి చుట్టి కిందికి దిగుతుంది, చెంపకు అంచు కట్టినట్టు ఉంటుంది. పసుపు పిట్టకు ఆ చుట్టు ఉండదు. నిమ్మపసుపుది నీళ్లను వదలని స్వభావం. తామరాకులు, జమ్ము, బురద అంచు, అక్కడే నడుస్తుంది.

వీపు బూడిద రంగు, కానీ రెక్క మీద పట్టీలు లేవు, తోక మరీ పొడవు, కాళ్లు లేత గులాబీ రంగు, పసుపు అంతా తోక మొదట్లో ముద్దగా ఉంటే బూడిద కాటుకపిట్ట. రాళ్ల మధ్య పారే నీళ్లు దీనికి ప్రాణం. అందుకే డెల్టా మైదానంలో తక్కువ. కాలువ లాకుల దగ్గర, నీళ్లు దూకే చోట వెతకండి.

మా పొలంలో ఉన్నదానికి పసుపే లేదు, మట్టిరంగులో ఉంది. కానీ తోక ఆడిస్తోంది.

అది చాలావరకు ఆ ఏడు పుట్టిన పసుపు కాటుకపిట్ట పిల్ల. మొదటి చలికాలంలో ఒళ్లంతా బూడిద-గోధుమ రంగు, పొట్ట మురికి తెలుపు, తోక కింద మాత్రం కొద్దిగా పసుపు ఛాయ. అరుపు వినండి. "సీప్" అని ఒక్క మెత్తని మాట అయితే పసుపుది. అదే మాట కాస్త గరగరగా వినిపిస్తే నిమ్మపసుపుది.

నలుపు తెలుపు పిట్టల్లో ఏది వలస పిట్ట, ఏది మన ఊరిది?

నుదురు చూడండి. ముక్కు దాకా నల్లగా ఉండి కంటి పైన మాత్రం తెల్లని బొమ గీసినట్టు ఉంటే అది మన తెల్లబొమ పిట్ట. వీపు, గొంతు కూడా నలుపే. సుమారు 21 సెంటీమీటర్లతో వీటన్నిటిలో పెద్దది. నుదురు తెల్లగా, వీపు బూడిద రంగులో ఉంటే వలస వచ్చిన తెల్ల కాటుకపిట్ట. చలికాలంలో దాని గొంతు తెల్లగా ఉండి, రొమ్ము మీద నల్లని నెలవంక మాత్రం మిగులుతుంది. తెల్లదాని అరుపు "చిస్సిక్" అని రెండు ముక్కలుగా ఉంటుంది.

మన దగ్గరికి వచ్చే తెల్లవాటిలో ఒక ఉపజాతి పేరు దుఖునెన్సిస్. సైక్స్ అనే సైనికాధికారి 1832లో వర్ణించి ఆ పేరు పెట్టాడు. దక్కను నుంచే వచ్చింది ఆ మాట. సైబీరియాలో గూడు పెట్టే పిట్ట శాస్త్రీయ నామంలో మన నేల పేరు ఉండటం నాకు ఎంతో నచ్చుతుంది.

పెద్ద నల్లంచి కూడా నలుపు తెలుపే కదా?

అవును, తోకను కూడా పైకి లేపుతుంది. కానీ పెద్ద నల్లంచి నేల మీద గెంతుతుంది, చెట్ల నీడలో ఉంటుంది, దాని తోక వీపు మీదికి నిక్కి నిలబడుతుంది. కాటుకపిట్ట ఎండలో, ఆరుబయట నడుస్తుంది.

చారలున్న గోధుమరంగు పిట్ట కూడా గట్టు మీద నడుస్తోంది. అదీ ఇదేనా?

కాదు, అది పిపిట్. ఒకే కుటుంబం, దగ్గర బంధువు. వీపు మీద, రొమ్ము మీద గీతలుంటే పిపిట్. కాటుకపిట్టల ఒంటి మీద గీతలుండవు.

ఒకే మందలో పసుపు పిట్టలకు రకరకాల తలలున్నాయి. అన్నీ ఒకే జాతా?

ఒకే జాతి, వేర్వేరు ఉపజాతులు. మార్చి చివర నుంచి మగవాటి తలలు తేటపడతాయి, అప్పుడు చూడండి. తల ముదురు బూడిద రంగు, చెంప దాదాపు నలుపు, కనుబొమ లేదు: థన్‌బెర్గి. నాకు ఇక్కడ తరచుగా కనిపించేది ఇదే. తల లేత నీలిబూడిద, కంటి పైన స్పష్టమైన తెల్లని గీత: బీమా. నెత్తి కారునలుపు: ఫెల్డెగ్. తల కూడా పసుపే: ల్యూటియా. ఇవి ఒక్కొక్కటి ఒక్కో ప్రాంతంలో గూళ్లు పెడతాయి. గెద్దనాపల్లి దగ్గరో పాలకొల్లు దగ్గరో ఒక గేదెల మంద వెనక కలిసి నడుస్తున్న ఈ పిట్టలు వేసవికి వేల కిలోమీటర్ల ఎడంగా విడిపోతాయి. చలికాలంలో, ముఖ్యంగా ఆడవాటిలో, పిల్లల్లో, ఈ తేడాలు పట్టుకోవడం కష్టం. అప్పుడు "పసుపు కాటుకపిట్ట" అని రాసి ఊరుకోవడమే సరైన పని. తెలియని ఉపజాతి పేరు రాయడం కంటే ఖాళీ వదలడం మేలు.

తోకను పక్కలకు ఊపే పిట్టను చూశాను. అదేమిటి?

తోకతో పాటు ఒళ్లు కూడా కుడికీ ఎడమకీ ఊగితే అది ఫారెస్ట్ వాగ్‌టెయిల్, అడవి నీడల్లో తిరిగేది. ఛాతీ మీద రెండు నల్లని పట్టీలుంటాయి. డెల్టాలో అరుదు. చూస్తే తప్పక ఫోటో తీయండి.

ఫోనులోని యాప్ చెప్పింది నమ్మవచ్చా?

మెర్లిన్ వంటి యాప్ మంచి తోడు, తీర్పరి కాదు. మసక ఫోటో ఇస్తే నిమ్మపసుపు పిల్లను పసుపు అనడం, పసుపు పిల్లను నిమ్మపసుపు అనడం చూశాను. ఒకే పిట్టకు వీపు, చెంప, కాళ్లు కనబడేలా మూడు ఫోటోలు తీయండి. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8 రెట్లు పెద్దది చేసి చూపేది పొలాలకు సరిపోతుంది.

## రోజువారీ నడవడి

తోక ఎందుకు ఆడిస్తుంది?

ఇది పిల్లలు మొదట అడిగే ప్రశ్న. గడ్డిలోని పురుగులను కదిలించడానికని కొందరు శాస్త్రవేత్తలు అన్నారు. "నేను మెలకువగానే ఉన్నాను, నన్ను పట్టలేవు" అని డేగ వంటి వేటగాళ్లకు తెలియజేయడానికని మరికొందరు. రెండో వివరణ వైపు నేను మొగ్గుతాను. పురుగులు ఏరుకోనప్పుడు, పురుగే లేని సిమెంటు డాబా మీద కూడా అది తోక ఆడిస్తూనే ఉండటం చూస్తున్నాను కదా.

వరి గింజలు తింటుందా? పంటకు నష్టమా?

తినదు. ముక్కు చూడండి, సూదిలా సన్నం. గింజ ఒలిచే ముక్కు కాదు. ఈగలు, చిన్న పురుగులు, సాలీళ్లు, లార్వాలు దీని తిండి. నారుమడిలో నడిచినా మొక్కను ముట్టదు. దీన్ని తోలవలసిన పని లేదు.

గేదెల వెనక, దమ్ము ట్రాక్టరు వెనక ఎందుకు తిరుగుతాయి?

గేదె అడుగు వేస్తే గడ్డిలోంచి పురుగులు లేస్తాయి. గేదె చుట్టూ ఈగలు ఉండనే ఉంటాయి. దమ్ము చక్రం మట్టిని తిరగేస్తే లోపలివి పైకి వస్తాయి. కొంగలు పెద్దవాటిని ఏరుకుంటాయి, కాటుకపిట్టలు చిన్నవాటిని ఏరుకుంటాయి. గేదె కాళ్ల మధ్య నుంచి కూడా భయం లేకుండా పరుగెడతాయి.

మా డాబా మీదికి ఒక్కటే వస్తుంది, పొలంలో గుంపులున్నాయి. ఒంటరిది దారి తప్పిందా?

తప్పలేదు. తెల్ల కాటుకపిట్టకు చలికాలంలో రెండు రకాల బతుకూ తెలుసు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమోట్జ్ జహావీ దీని చలికాలపు నడవడి మీద చేసిన పరిశీలన 1971లో అచ్చయింది. తిండి ఒకేచోట పోగుపడి, కాపాడుకోవడానికి వీలుగా ఉంటే ఒక పిట్ట ఆ చోటును తనదిగా చేసుకుని మిగతావాటిని తరిమేస్తుంది. తిండి అంతటా చెదిరి ఉంటే కాపలా వృథా, గుంపుగా తిరగడమే లాభం. మీ డాబా, పక్కన మురుగు కాలువ, పశువుల కొట్టం, ఇవి కలిపి ఒక చిన్న సంస్థానం. దమ్ము చేసిన వంద ఎకరాల మడిని ఏ పిట్టా కాపలా కాయలేదు.

మోటారు సైకిల్ అద్దాన్ని రోజూ పొడుస్తోంది. ఎలా మాన్పించాలి?

అద్దంలో కనబడే తన ప్రతిబింబాన్ని, తన చోటులోకి వచ్చిన మరో పిట్ట అనుకుంటుంది. ఆ పిట్ట ఎంతకూ పారిపోదు కాబట్టి ఇదీ మానదు, అలసి సొలసిపోతుంది. బండి ఆపగానే అద్దానికి పాత గుడ్డ సంచి తొడగండి. చాలు.

రాత్రి ఎక్కడ పడుకుంటాయి?

పగలంతా చెదిరి తిరిగినవి పొద్దువాలాక ఒకచోట చేరతాయి. జమ్ము, కొల్లేరు వైపు కిక్కిస, చెరకు తోటలు వీటికి ఇష్టం. వానకోవెలలు కూడా అక్కడికే వస్తాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందు నిలబడితే చిన్న చిన్న గుంపులుగా అరుచుకుంటూ వచ్చి దిగడం చూడవచ్చు. టార్చి వేయకండి, లోపలికి వెళ్లకండి. చీకట్లో లేచిన పిట్ట మళ్లీ సురక్షితంగా దిగలేదు.

పాడుతుందా?

తెల్లబొమ పిట్ట ఇంటి కప్పు మీద నుంచి చక్కగా, రకరకాల స్వరాలతో పాడుతుంది. పెద్ద నల్లంచి అని పొరబడతారు. వలస పిట్టల పాట గూళ్ల దేశంలోనే. ఇక్కడ అరుపులు మాత్రమే, మార్చి తర్వాత కొంత కూనిరాగం.

## తిరుగు ప్రయాణం

ఫిబ్రవరి తర్వాత రంగు మారింది. వేరే పిట్టా?

అదే పిట్ట. బయలుదేరే ముందు ఈకలు మార్చుకుంటుంది. తెల్లదాని గొంతు నల్లబడుతుంది, పసుపుదాని పొట్ట రోజురోజుకూ పండుతుంది. ఏప్రిల్‌లో దాళ్వా కోసిన చేలో మగ పసుపు పిట్ట నిలబడితే దూరం నుంచి పసుపు కొమ్ము పెట్టినట్టు ఉంటుంది. చలికాలమంతా చూసి విసిగినవాళ్లు సరిగ్గా ఆ నెలలోనే మానేస్తారు. మానకండి.

జూన్‌లో కూడా కనబడుతోంది. వలస మానేసిందా?

జూన్‌లో గట్టు మీద ఉన్నది దాదాపు ఎప్పుడూ తెల్లబొమ పిట్టే. దాని పిల్లలు నల్లగా ఉండవలసిన చోట గోధుమ-బూడిద రంగులో ఉండటం వల్ల పొరబడతారు. వంతెన కింద, కప్పు సందులో, నీటికి దగ్గరగా గూడు కనబడితే అదీ దానిదే. వలస పిట్టలు డెల్టాలో గూడు పెట్టవు. మే నెల మొదటికల్లా వెళ్లిపోతాయి.

మళ్లీ ఏడు అదే పిట్ట వస్తుందా?

రావచ్చు. కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలిన కాటుకపిట్టలు తర్వాతి చలికాలంలో అదే చోట మళ్లీ దొరికిన సందర్భాలున్నాయి. మీ డాబా పిట్ట అదేనని ఉంగరం లేకుండా చెప్పలేం.

## మనం చేయదగినవి

గింజలు వేస్తే వస్తుందా?

రాదు, పురుగులే తింటుంది. వెడల్పాటి మూకుడులో అంగుళం లోతు నీళ్లు పెట్టండి. అంచు దగ్గర పొట్టి గడ్డి ఉండనివ్వండి.

పురుగుమందు కొట్టిన చేలో తిరిగితే ప్రమాదమా?

ప్రమాదమే. మందు పడ్డ పురుగును తినడం ఒకటి, తినడానికి పురుగే మిగలకపోవడం రెండోది. బయలుదేరే ముందు మార్చి, ఏప్రిల్‌లలో కొవ్వు పట్టని పిట్టకు ముందున్న దారి దాటడం కష్టం. మందు మానేయమని నేను ఏ రైతుకూ చెప్పను, పంట మీద బతికే ఇల్లు అది. అవసరం లేకుండా, ముందుజాగ్రత్త పేరుతో కొట్టే విడతను మాత్రం వదిలేయమని బతిమాలుతున్నాను. గట్ల మీద గడ్డిని మందుతో మాడ్చకుండా కొడవలితో కోయించినా ఎంతో మేలు.

చెరువు మీద కట్టిన వలలో చిక్కుకుంది.

ఒళ్లంతా చేతి గుప్పిట్లో తేలికగా పట్టుకుని, కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి చిన్న కత్తెరతో దారాలు కత్తిరించండి, లాగకండి. వదులుగా వేలాడే సన్నటి వల కంటే బిగించి కట్టిన లావు దారం వల తక్కువ పిట్టలను చంపుతుంది. ఇక కావాలని వల వేసి పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

కాలికి ఉంగరం ఉన్న పిట్ట చచ్చిపడి ఉంది.

ఉంగరం మీది అక్షరాలు, అంకెలు అన్నీ ఫోటో తీయండి. తేదీ, ఊరు రాసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. మన దేశంలో ఉంగరాలు తొడిగే పని పెద్ద ఎత్తున నడిపింది ఆ సంస్థే. ఉంగరం వేరే దేశానిదైనా వాళ్లు సంబంధిత చోటుకు చేరవేస్తారు.

చూసినవి ఎలా రాసిపెట్టుకోవాలి?

తేదీ, ఊరు, ఎన్ని, తల రంగు, ఆ రోజు చేను ఏ దశలో ఉంది. ఈ చివరిది మన డెల్టా వాళ్లమే రాయగలం: సార్వా కోత అయిందా, దమ్ము నడుస్తోందా, నాట్లు పడ్డాయా, లేక అపరాలు చల్లారా. నోటు పుస్తకమైనా సరే, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టినా సరే. మొదటి రాకను అందరూ రాస్తారు, చివరి రోజును ఎవరూ రాయరు, ఎందుకంటే అది చివరిదని ఆ రోజు తెలియదు. అందుకని ఏప్రిల్ 10 నుంచి మే 10 దాకా చూసిన ప్రతిరోజూ ఒక గీత పెట్టండి. చూడటానికి వెళ్లి కనబడకపోతే సున్నా వేయండి.